మూడు మీటర్ల బండి, ఆరు వరసల రోడ్డు: హైవే మీద ఎంజీ కామెట్

ఎంజీ కామెట్ అనే చిన్న ఎలక్ట్రిక్ కారు హైవేకి పనికొస్తుందా అని అడిగేవాళ్లలో ఎక్కువమంది మనసులో ఉండేది స్పీడు. స్పీడుకి ఇబ్బంది లేదు. 42 పీఎస్ మోటారు, 110 న్యూటన్ మీటర్ల టార్కు, బండి బరువు సుమారు 815 కిలోలు. వెనక చక్రాలు తోస్తాయి. గంటకు 100 దాకా పోతుంది, నాలుగు వరసల హైవే మీద కార్లకు చట్టం పెట్టిన హద్దు కూడా 100. ఇబ్బందంతా ప్లగ్గు దగ్గర ఉంది. ఈ బండికి డీసీ ఫాస్ట్ ఛార్జింగ్, అంటే పెద్ద ఛార్జరు నుంచి గబగబా బ్యాటరీ నింపుకునే ఏర్పాటు, లేదు. కొనేముందు ఈ ఒక్క మాట బాగా అర్థం చేసుకుంటే మిగతా లెక్కలన్నీ వాటంతట అవే తేలిపోతాయి.

హైవే పక్క హోటళ్ల దగ్గర, పెట్రోలు బంకుల్లో కనిపించే లావు తీగ ఛార్జర్లు చాలావరకు సీసీఎస్2 అనే డీసీ రకం. ఆ గన్నులో పైన టైప్ 2 ఆకారం (ఏసీ, అంటే ఇంటికొచ్చే రకం కరెంటు, దానికోసం), దాని కింద డీసీకి రెండు లావు పిన్నులు ఉంటాయి. కామెట్ సాకెట్టులో పై భాగం మాత్రమే ఉంది, కింది రెండు రంధ్రాలు లేవు. టాటా ఎలక్ట్రిక్ కారు టియాగో ఈవీ వాళ్లు టీ తాగి, టిఫిన్ చేసి వచ్చేలోపు సగానికి పైగా నింపుకుని వెళ్లే చోట కామెట్‌కి ఆ గన్ను పట్టదు. ఫోను యాప్‌లో దారి పొడవునా ఛార్జర్ల గుర్తులు కనిపిస్తాయి గాని, ఫిల్టర్‌లో ‘ఏసీ టైప్ 2’ ఒక్కటే ఉంచి మళ్లీ చూడండి. వరసగా కనిపించిన గుర్తుల్లో చాలావి మాయమవుతాయి.

అందుకే మా తీర్పు ఇది: కామెట్ మీ ఇంటి ప్లగ్గు చుట్టూ 55 కిలోమీటర్ల వలయంలో పోయి రావడానికి మంచి హైవే బండి. ఆ వలయం దాటితే అవతల కూడా మీకు రాత్రంతా ప్లగ్గు దొరకాలి. అది లేకుండా హైవే ఎక్కకూడదు.

ముందు బ్యాటరీ లెక్క. 17.3 యూనిట్ల ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాక్. కంపెనీ చెప్పే 230 కిలోమీటర్లు పరీక్ష గదిలో వచ్చిన అంకె. ఆ పరీక్షలో వేగం తక్కువ, ఆగడాలు ఎక్కువ, చల్లదనానికి ఏసీ వేయరు. విజయవాడలో బెంజి సర్కిల్, ఏలూరు రోడ్డు మధ్య తిరిగితే 170 నుంచి 190 దాకా రావడం మామూలే. హైవే మీద అంకె పడిపోవడానికి కారణం గాలి. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 60 వేగం మీద ఉన్న అడ్డుకి 85 మీద రెట్టింపు ఉంటుంది. కామెట్ ఎత్తు 1640 మిల్లీమీటర్లు, ముందు భాగం నిటారు గోడ, వెనక కోసేసినట్టు ఉంటుంది. గాలిని చీల్చే ఆకారం కాదు. ఇద్దరు మనుషులు, ఏసీ వేసుకుని ఒకే వేగంతో పోతే నిండు బ్యాటరీకి ఉజ్జాయింపుగా ఇలా వస్తుంది: 60 మీద 170 కిలోమీటర్లు, 70 మీద 150, 80 మీద 135, 95 మీద 110. ఎదురుగాలి ఉంటే ఇంకో 10 తగ్గించుకోండి. విజయవాడ నుంచి 95 మీద పోయినవాడు గుంటూరుకి 70 మీద పోయినవాడి కంటే ఎనిమిది నిమిషాల ముందు చేరతాడు, ఆ ఎనిమిది నిమిషాలకి పాతిక శాతం రేంజి ఖర్చు పెడతాడు.

మీటరు మీద కనపడే ‘ఇంకా ఎన్ని కిలోమీటర్లు’ అంకెను హైవే ఎక్కేటప్పుడు అసలు నమ్మొద్దు. అది ఇంతకుముందు మీరు నడిపిన తీరు చూసి లెక్క వేస్తుంది. వారం రోజులు ఊళ్లో తిరిగాక 200 చూపించి, కృష్ణ మీది వారధి దాటి గుంటూరు దారిలో కాజ చేరేలోపు 160కి జారితే బ్యాటరీ పాడైందని కంగారు పడతారు. పాడవలేదు, లెక్క సరిదిద్దుకుంటోంది అంతే. చూడాల్సింది శాతం. దాంట్లోనూ ఎల్ఎఫ్‌పీకి ఒక గుణం ఉంది. ఈ రకం సెల్లుల వోల్టేజి నడిమి భాగంలో దాదాపు చదునుగా ఉంటుంది, అందువల్ల బండికి శాతం అంచనా కట్టడం కష్టం. ఎప్పుడూ 40 నుంచి 80 మధ్యే ఛార్జింగ్ పెడుతూ పోతే ఆ అంచనా మెల్లగా పక్కకి జరుగుతుంది. వారానికి ఒకసారి 100 దాకా నింపి, నిండాక కూడా కాసేపు ప్లగ్గులో వదిలేయండి. హైవే ప్రయాణానికి ముందు రోజు రాత్రి ఈ పని తప్పనిసరి. దిగువన 15 శాతం మీది కాదనుకోండి. ఆ కింద బండి పవరు కూడా తగ్గించుకుంటుంది, లారీల మధ్య అది మంచిది కాదు.

ఇప్పుడు దారులు. విజయవాడ నుంచి గుంటూరుకి మంగళగిరి, కాజ, పెదకాకాని మీదుగా సుమారు 35 కిలోమీటర్లు. పోయి రావడం 70, ఊళ్లో తిరుగుడు 15 వేసుకున్నా మండుటెండలో ఏసీతో 75 మీద వెళ్లి సాయంత్రానికి 35, 40 శాతం మిగులుతుంది. రోజూ ఉద్యోగానికి ఈ రెండు ఊళ్ల మధ్య తిరిగేవాళ్లకి కామెట్ కంటే చవకైన కారు ప్రయాణం మాకు కనిపించలేదు. వన్‌టౌన్ వైపు నుంచి బయల్దేరేవాళ్లు వారధి దాకా రాకుండా ప్రకాశం బ్యారేజీ ఎక్కి సీతానగరం మీదుగా మంగళగిరి చేరొచ్చు. భారీ వాహనాలు లేని దారి, వేగం తక్కువ, బ్యాటరీకి కూడా అదే మేలు. గుంటూరు నుంచి తెనాలి, చిలకలూరిపేట రెండూ పోయి రావడానికి హాయి. విజయవాడ నుంచి ఏలూరు పోయి రావడం ఊళ్లో తిరుగుడు కలిపి 130 దగ్గరికి వస్తుంది, కాబట్టి 70 దాటకుండా పోవాలి, లేదా ఏలూరులో రెండు గంటలు ప్లగ్గు దొరకాలి. బందరు ఒక్కవైపే 70. నిండా నింపి వెళ్లి, ఛార్జింగ్ లేకుండా తిరిగొద్దామంటే కుదరదు. ఒంగోలు వెళ్లి రాత్రి అక్కడే ఉండేపనైతే ఫరవాలేదు. గుంటూరు నుంచైతే నిబ్బరంగా, విజయవాడ నుంచైతే 60 దాటకుండా ఓపికగా. హైదరాబాదు సంగతి అడగొద్దు. 275 కిలోమీటర్లు, డీసీ లేదు, మధ్యలో ఐదారు గంటల ఛార్జింగ్ కనీసం ఒకసారి, మామూలుగా రెండుసార్లు. ఆ ప్రయాణానికి బస్సో రైలో ఉంది.

ఛార్జింగ్ వేగం చూద్దాం. మామూలు వేరియంట్లకి 3.3 కిలోవాట్ల ఛార్జింగ్, సున్నా నుంచి నిండటానికి 7 గంటలు. అంటే గంటకి రెండున్నర యూనిట్లు, హైవే లెక్కలో 20 కిలోమీటర్లు. భోజనం చేసినంతసేపు పెడితే 20 కిలోమీటర్లే వస్తుందని ముందే తెలిస్తే ఆశ పడరు. 2024లో వచ్చిన ఎఫ్‌సీ (పేరుకి ‘ఫాస్ట్ ఛార్జ్’, డీసీ మాత్రం కాదు) వేరియంట్లలో 7.4 కిలోవాట్ల ఏసీ ఛార్జింగ్ ఉంది, మూడున్నర గంటల్లో నిండుతుంది, గంటకి 40 కిలోమీటర్లు. హైవే వాడకం ఏమాత్రం ఉన్నా ఎఫ్‌సీ వేరియంటే తీసుకోండి. ఛార్జింగ్ ఒక్కటే కారణం కాదు. వాటితోపాటే వెనక చక్రాలకి డిస్కు బ్రేకులు, బండి పక్కకి జారకుండా పట్టే ఈఎస్‌సీ వచ్చాయి. 2010 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న వెనక చక్రాల బండి వాన రోడ్డు మీద 80లో ఉన్నప్పుడు గేదె అడ్డం వస్తే, ఈఎస్‌సీ ఉండటానికీ లేకపోవడానికీ తేడా ప్రాణమంత ఉంటుంది. ఈ విషయంలో రాజీ పడొద్దని గట్టిగా చెబుతున్నాం.

బంధువుల ఇంట్లో ప్లగ్గు ఉంది కదా అని వెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఎర్తింగ్ దగ్గర. పోర్టబుల్ ఛార్జర్ దాదాపు 15 ఆంపియర్లు ఏడు గంటలపాటు ఆపకుండా లాగుతుంది. గీజరు కూడా అంతే లాగుతుంది గాని పావుగంటలో ఆగిపోతుంది. కాబట్టి గీజరుకి సరిపోయిన తీగ దీనికి సరిపోతుందని అనుకోకూడదు. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేది), మంచి 16 ఆంపియర్ల సాకెట్టు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడితే గంటలో దాని పిన్నుల దగ్గర ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పెట్టిన పావుగంటకి ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే తీసేయాలి.

ఎర్తు సరిగా లేకపోతే ఛార్జర్ ఎర్ర లైటు చూపించి మొదలే పెట్టదు. పల్లెల్లో పాత ఇళ్లల్లో ఇదే జరుగుతుంది. మూడో పిన్నుకి తీగే ఉండదు, లేదా ఎర్తింగ్ గుంట ఎండిపోయి ఉంటుంది. పదిహేను రూపాయల టెస్టరుతో ఇది తేలదు, మల్టీమీటరు కావాలి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య వోల్టేజి రెండు మూడు వోల్టుల లోపు ఉంటే మంచిది. ఎండాకాలంలో గుంటలో రెండు బిందెల నీళ్లు పోస్తే చాలాచోట్ల అప్పటికి సరిపోతుంది. కొందరు ఎలక్ట్రీషియన్లు న్యూట్రల్‌నే ఎర్తు పిన్నుకి కలిపి ‘ఇప్పుడు పనిచేస్తుంది చూడండి’ అంటారు. ఒప్పుకోవద్దు. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే బండి ఒళ్లంతా కరెంటు వస్తుంది. పొలం మోటార్లు తిరిగే వేళ పల్లెల్లో వోల్టేజి పడుతుంది, అప్పుడు ఛార్జింగ్ మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటుంది. రాత్రి పదింటి తర్వాత పెడితే తెల్లారేసరికి నిండుతుంది. ఇంట్లో 7.4 కిలోవాట్ల వాల్ బాక్సు (గోడ ఛార్జరు) పెట్టించుకునేవాళ్లు ముందు కరెంటు కంపెనీ ఏపీసీపీడీసీఎల్‌లో మంజూరు లోడు పెంచుకోవాలి. మూడు కిలోవాట్ల మీటరు మీద అది నడవదు.

ఇక రోడ్డు మీద ప్రవర్తన. బ్యాటరీ నేలలో ఉండటం వల్ల బండి చూసినంత తేలిగ్గా ఒరిగిపోదు. 60 నుంచి 80కి ఎక్కడం చురుగ్గానే ఉంటుంది. 80 తర్వాత లాగుడు తగ్గుతుంది, 90 మీద ఉన్న వోల్వో బస్సుని దాటేద్దామని కుడి వరసలోకి వస్తే సగంలో ఇరుక్కుంటారు. ఆ పని పెట్టుకోవద్దు.

1505 మిల్లీమీటర్ల వెడల్పు, ఆ ఎత్తు, ఆ బరువు కలిస్తే అడ్డగాలి బాగా తెలుస్తుంది. కనకదుర్గ వారధి మీద నది గాలి పక్కనుంచి కొట్టినప్పుడు స్టీరింగు చిన్నగా లాగుతుంది. కంటైనరు లారీని దాటేటప్పుడు మూడు దశలుంటాయి. వెనక భాగం దగ్గర బండి లారీ వైపు లాగినట్టు ఉంటుంది, మధ్యలో గాలి ఒక్కసారి ఆగిపోతుంది, ముందు భాగం దాటగానే బయటికి నెడుతుంది. రెండు చేతులు స్టీరింగు మీద ఉంచితే ఈ లాగుడు తక్కువ తెలుస్తుంది. కైనెటిక్ రీజెన్‌ని (బండి నెమ్మదించేటప్పుడు కరెంటు తిరిగి బ్యాటరీకి పంపే ఏర్పాటు) మాత్రం ఊళ్లో హెవీ, హైవే మీద లైట్ ఉంచండి. ఒకే వేగంతో పోయేటప్పుడు రీజెన్ వల్ల వచ్చేదేమీ లేదు, పైగా యాక్సిలరేటర్ మీద కాలు కాస్త సడలగానే బండి తగ్గిపోయి వెనక లారీవాడికి చికాకు. ఇంకో సంగతి, నూరు శాతం నింపి బయల్దేరిన మొదటి కొన్ని కిలోమీటర్లు రీజెన్ బలహీనంగా ఉంటుంది, ఎందుకంటే కరెంటు దాచుకోవడానికి చోటు లేదు. ఆ సమయంలో బ్రేకు మీద ఆధారపడండి.

ఏ వరసలో పోవాలి? గుంటూరు దారిలో ఆరు వరసలున్నాయి. ఎడమ చివరి వరసలో ఆటోలు, ట్రాక్టర్లు, ఎదురొచ్చే బైకులు, ఆగిన లారీలు. మిర్చి సీజనులో యార్డుకి పోయే బండ్లు బస్తాలు పైదాకా వేసుకుని 30 మీద పోతుంటాయి. మధ్య వరసలో లోడు లారీలు 60, 65 మీద నడుస్తాయి. కామెట్‌కి సరైన చోటు ఆ మధ్య వరసే, సరైన వేగం 70 నుంచి 75. లారీ వెనక నాలుగు సెకన్ల దూరం పెట్టండి. దగ్గరికి పోతే లారీ అద్దంలో మూడు మీటర్ల బండి కనపడదు. పగలు కూడా హెడ్‌లైట్లు వేసి ఉంచండి.

వెనక సీటు గురించి ఒక మాట చెప్పి తీరాలి. 2974 మిల్లీమీటర్ల పొడవులో నలుగురికి చోటిచ్చారంటే వెనక సీటు వెనక మిగిలింది దాదాపు తలుపే. వెనక కూర్చున్నవాళ్ల తలకీ అద్దానికీ మధ్య జానెడు దూరం. వెనక నుంచి లారీ గుద్దితే నలగడానికి అక్కడ డిక్కీ లేదు. ఊళ్లో పిల్లల్ని బడికి దింపడానికి వెనక సీటు బాగానే ఉంటుంది. హైవే మీద ముందు ఇద్దరే కూర్చుని, వెనక సీట్లు మడిచి సామాను పెట్టుకోవాలన్నది మా గట్టి అభిప్రాయం. ఆ సామాను కూడా తాడుతో కట్టాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు మీ వీపుకి తగులుతుంది.

టైర్లు 145/70 ఆర్12. చిన్న చక్రం గుంటలో లోతుగా దిగుతుంది, పొట్టి వీల్‌బేస్ వల్ల ఫ్లైఓవర్ల అతుకుల మీద ముందూ వెనకా ఊగుతుంది. సర్వీసు రోడ్డు నుంచి హైవే ఎక్కే అంచులు నెమ్మదిగా ఎక్కండి, టైరు పక్క గోడ కోసుకుపోయేది అక్కడే. స్టెప్నీ లేదు, పంక్చర్ కిట్టే ఇస్తారు. కిట్టులోని ద్రవం మేకు దిగిన రంధ్రాన్ని మూస్తుంది, పక్క గోడ చీలితే ఏమీ చేయలేదు. పంక్చర్ షాపులో ‘ఆల్టో టైరు పడుతుంది సార్’ అంటారు. ఆల్టో 800ది 145/80 ఆర్12. రిమ్ము ఒకటే కాబట్టి ఎక్కుతుంది గాని చక్రం వ్యాసం 29 మిల్లీమీటర్లు ఎక్కువ. ఒక పక్క పెద్దది, ఒక పక్క చిన్నది అయితే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకి లాగుతుంది. అసలు సైజు ఎవరి దగ్గర దొరుకుతుందో ఆటోనగర్‌లో ముందే అడిగి పెట్టుకోండి. గాలి చల్లటి టైర్లలో, పొద్దున్నే, స్టిక్కరు మీద ఉన్నంత.

బండి రోడ్డు మీద ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు. మోటారు వెనక చక్రాలకి శాశ్వతంగా కలిసి ఉంటుంది, చక్రం తిరిగితే మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది. ఫ్లాట్‌బెడ్ లారీ మీదికి ఎక్కించాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033.

రోహిణీ కార్తెలో మధ్యాహ్నం హైవే నుంచి రాగానే ప్లగ్గు పెట్టకుండా నీడలో అరగంట ఆరనివ్వండి. వానాకాలంలో బ్యాటరీకి ఐపీ67 (దుమ్ము, నీళ్లు లోపలికి పోవన్న రేటింగు) ఉందన్న ధైర్యంతో నీళ్లలో దించేవాళ్లు ఉన్నారు. ఆ రేటింగు ప్యాక్‌ది మాత్రమే, బండిది కాదు. 12 అంగుళాల చక్రాల బండికి మోకాలి లోతు నీళ్లు చాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చిన తీరు చూసినవాళ్లకి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

డబ్బు లెక్క. నిండా నింపడానికి బ్యాటరీకి 17.3 యూనిట్లు అయితే మధ్యలో పోయే వేడి కలిపి మీటరు మీద 19.5 దాకా తిరుగుతుంది. యూనిట్ 8 రూపాయలనుకుంటే 156. 135 కిలోమీటర్లకి పంచితే కిలోమీటరు రూపాయి పదిహేను పైసలు. లీటరు 110 లెక్కన, 18 ఇచ్చే పెట్రోలు కారుకి ఆరు రూపాయలు దాటుతుంది. బ్యాటరీ అద్దె పథకం 2024 సెప్టెంబరులో వచ్చినప్పుడు బండి 4.99 లక్షలు, కిలోమీటరుకి 2.50 అద్దె. ఈ రేట్లు మారుతుంటాయి, కొనే రోజున అడగండి. గుంటూరుకి రోజూ పోయి వచ్చే మనిషి నెలకి 1750 కిలోమీటర్లు తిరుగుతాడు. 2.50 చొప్పునే 4375 రూపాయల అద్దె. తక్కువ తిరిగేవాళ్లకి అద్దె లాభం, రోజూ హైవే ఎక్కేవాళ్లకి బ్యాటరీతో సహా కొనుక్కోవడమే మేలు. ఫాస్టాగ్ వార్షిక పాస్ 2025లో వచ్చినప్పుడు 3000 రూపాయలకి 200 దాటుళ్లు ఇచ్చింది. కాజ టోల్‌గేట్ రోజుకి రెండుసార్లు దాటేవాళ్లకి అది నాలుగు నెలల్లో అయిపోతుంది, అయినా ఆ రేటుకి దాటుడుకి 15 రూపాయలే పడింది.

టెస్ట్ డ్రైవ్ ఊళ్లో రెండు వీధులు తిప్పి ఇచ్చేస్తామంటే ఒప్పుకోకండి. వారధి దాటి కాజ దాకా, ఏసీ వేసి, 75 మీద, పోయి వచ్చేలా అడగండి. బయల్దేరేటప్పుడు శాతం, కిలోమీటర్లు రాసుకోండి, వచ్చాక మళ్లీ రాసుకోండి. తిరిగిన కిలోమీటర్లని తగ్గిన శాతంతో భాగించి 100తో గుణిస్తే మీ కాలికి ఆ బండి ఇచ్చే హైవే రేంజి వస్తుంది. 30 కిలోమీటర్లకి 21 శాతం తగ్గితే 143. అందులోంచి అడుగు 15 శాతం తీసేసి, మిగిలిన 120ని సగం చేసుకుని, మీ ఇంటి నుంచి ఆ దూరంలో మీకు పనులున్న ఊళ్లేమిటో చూసుకోండి.